నిలబెట్టి కట్టిన సైకిలు

మా మామగారు వెంకటరాఘవయ్యగారు ఇంట్లోంచి ఎవరినీ ఉత్తినే బయటికి పోనిచ్చేవారు కాదు. వీధి చివరి కొట్టుకెళ్ళి చింతపండు తేవాలన్నా ఒకసారి గోడ గడియారం వంకా, ఒకసారి పంచాంగం వంకా చూసి, "కాసేపాగమ్మా, వర్జ్యం దాటనీ" అనేవారు. వర్జ్యం దాటేసరికి ఇంట్లో వంటే అయిపోయేది. తెనాలిలో ఆయన సంస్కృతం పంతులుగా చేసి రిటైరయ్యారు గాని, ఆయనకి పేరు తెచ్చింది మాత్రం ముహూర్తాలు. బాపట్ల నుంచీ రేపల్లె నుంచీ కూడా మనుషులొచ్చి మా అరుగు మీద కూర్చునేవాళ్ళు.

అలాంటి మనిషి సొంత కూతురి పెళ్ళికి ముహూర్తం ఎలా పెట్టి ఉంటారో వేరే చెప్పాలా? ఇరవై ఒక్క మహాదోషాలనీ బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరి అవతల పారేసి పెట్టారు. ఆ ముహూర్తానికి మా ఆడపడుచు రమణి మెడలో తాళి కట్టిన గౌరీశంకరం ఏడాది తిరక్కుండానే పచ్చకామెర్లతో పోయాడు. ఆ తర్వాత మామగారు బయటివాళ్ళకి ముహూర్తాలు పెట్టడం మానేశారు. మా మీద మాత్రం రెట్టింపు చేశారు.

రమణి పుట్టింటికి తిరిగొచ్చినప్పుడు ఆమెతోబాటు ఒక ట్రంకు పెట్టే, ఒక లేడీస్ సైకిలూ వచ్చాయి. గౌరీశంకరం కొల్లిపరలో ఉద్యోగం చేసేవాడు. పెళ్ళానికి సైకిలు కొనిచ్చి, కృష్ణ కరకట్ట మీద తెల్లారగట్ల తనే పక్కన పరిగెడుతూ నేర్పాడు. ఆ సంగతి రమణి నాకొక్కదానికే చెప్పింది, అది కూడా ఒక్కసారే. ఆ కాపురంలో మిగిలింది ఆ సైకిలొక్కటే. దాన్ని మామగారు చూడలేకపోయేవారు. పెరట్లో కట్టెల పాకలో గోనెపట్టా కప్పి పెట్టించారు. రమణి మాత్రం ఎవరూ చూడకుండా వెళ్ళి చెయిన్‌కి కొబ్బరినూనె రాసి వస్తుండేది.

ఇంకొకటి కూడా చెప్పాలి. మా ఇంట్లోంచి ఎవరు బయల్దేరినా, మావారు స్కూలుకి వెళ్ళినా, మా అమ్మాయి శేషు బడికి వెళ్ళినా, రమణి పెరటిగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకునేది. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే నేను జుట్టు పట్టుకుని పోట్లాడేదాన్ని. మొగుడు పోయిన ఆడది ఎదురొస్తే పని చెడుతుందని మా వీధిలో పసిపిల్లలకి కూడా తెలుసు, అంతే. శుభంగా ఎదురు రావడానికి పక్కింటి అమ్మాజీగారు ఉండేవారు. నిండు ముత్తైదువ, ఇంటినిండా పిల్లలు. ఎవరు ప్రయాణం కట్టినా నీళ్ళబిందె చంకనెత్తుకుని ఆవిడ ఎదురు రావలసిందే. ఇక్కడ ఆవిడ బిందె, అక్కడ పెరటిగది తలుపు చప్పుడు. ఆ చప్పుడు వినపడినప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోయేది.

అలాంటి రమణికి ఎనభై తొమ్మిది వేసవిలో టీచరు ఉద్యోగం వచ్చింది. రేపల్లె అవతల పల్లెలో ఒకే పంతులుండే బడి. బస్సు దిగాక లోపలికి చాలా దూరం పోవాలి. రేపల్లెలో మా పిన్ని వరస అచ్చమ్మగారింట్లో ఉండి, రోజూ సైకిలు మీద వెళ్ళి రావచ్చని నేనే లెక్క వేసి చెప్పాను. ఆ నెల ఆఖరి శుక్రవారం సాయంత్రం ఆఫీసు మూసేలోపల రేపల్లెలో చేరినట్టు కాగితం ఇవ్వాలి. ఇవ్వకపోతే ఉద్యోగం తర్వాతివాళ్ళకి పోతుంది.

మామగారు వద్దనలేదు. వద్దంటే నేను ఊరుకోనని తెలుసు. "మంచి రోజు చూద్దాం" అన్నారు. ఒకరోజు తార బాగుంటే చంద్రబలం లేదు, చంద్రబలం ఉంటే తిథి మంచిది కాదు. చూస్తూ చూస్తూ ఆఖరి వారంలోకి నెట్టుకొచ్చారు. మావారు కామేశ్వరరావు అటు తండ్రికీ ఇటు చెల్లెలికీ మధ్య అడకత్తెరలో పోకచెక్కలా ఉండేవారు. చివరికి ఆయనకో ఉపాయం తట్టింది. పిల్లకి సముద్రం చూపిస్తామని సెలవుల ముందు నుంచీ చెబుతున్నాం కదా, ట్యాక్సీ మాట్లాడుకుని అందరం గురువారం బాపట్ల వెళ్దాం, సూర్యలంకలో స్నానం, భావనారాయణస్వామి దర్శనం, రాత్రికి సత్రం, శుక్రవారం రేపల్లె వెళ్ళి రమణిని దింపి వద్దాం అన్నారు. ఉద్యోగం అంటే కదలని మామగారు భావనారాయణస్వామి అనేసరికి కదిలారు.

కదిలారు గాని మళ్ళీ చిక్కు. గురువారం దక్షిణం వైపు శూలట, ఆ దిక్కుకి ప్రయాణం పనికిరాదట. బాపట్లేమో దక్షిణానే ఉందాయె. బుధవారం మంచి గడియ ఉంది, కాని ట్యాక్సీ గురువారం దాకా ఖాళీ లేదు. అందుకని ప్రస్థానం పెడదామన్నారు. అంటే మనిషి బదులు మనిషి వస్తువొకటి మంచి గడియలో ముందే గడప దాటి పక్కింట్లో ఉంటుంది. మర్నాడు దాన్ని తీసుకుని బయల్దేరితే, ప్రయాణం ముందురోజే మొదలైనట్టు లెక్క. మామూలుగా కాస్త బియ్యం, పసుపుకొమ్ము గుడ్డలో మూటగట్టి పెడతారు. మామగారు మాత్రం, "సైకిలు పెట్టండి" అన్నారు. ఎలాగైనా అది ముందు గడప దాటితే చాలని ఆయన ఉద్దేశమేమో.

బుధవారం సాయంత్రం రమణి సైకిలు నడిపించుకుని అమ్మాజీగారి వసారాలో పెట్టింది. మామగారు వీధిలోనే నిలబడి, "జాగ్రత్తమ్మా. ప్రస్థానం పెట్టిన వస్తువు పని కాకుండా మళ్ళీ ఇంటి గడప తొక్కకూడదు. మరిచిపోయి వెనక్కి తెచ్చేవు" అని హెచ్చరించారు. రమణి తలూపింది.

గురువారం పొద్దున్నే పున్నారావు తన అంబాసిడర్ తీసుకొచ్చాడు. తెనాలి స్టేషను దగ్గర కారు పెట్టుకునే పున్నారావంటే మావారికి ఎప్పటి నుంచో ఎరుక. సైకిలుని కారు పైన క్యారియర్ మీదికి ఎత్తి, పడుకోబెట్టి, కొబ్బరితాడు తీశాడు.

"ఆగు ఆగు! పడుకోబెట్టకు" అన్నారు మామగారు.

"మరెలాగండి పంతులుగారూ?"

"నిలబెట్టి కట్టు. అలా పడుకోబెట్టి తాళ్ళతో కడితే పాడె కట్టినట్టు లేదూ? ప్రయాణం ముందు ఆ దృశ్యమేంటి?"

పున్నారావు నా వంక చూశాడు. "నిలబెడితే గాలికి ఆగదండి. కొమ్మలకి కూడా తగులుద్దండి. మా వాళ్ళంతా పడుకోబెట్టే కడతారండి."

"మీ వాళ్ళ సంగతి వేరు. నిలబెట్టు."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. నిలబెట్టి నాలుగు వైపులా తాడు లాగి కట్టాడు. కారు మీద సైకిలు ఊరేగింపుకి సిద్ధమైన దేవుడిలా నిలబడింది. మా శేషు ముచ్చటపడి చప్పట్లు కొట్టింది. అమ్మాజీగారు బిందెతో ఎదురొచ్చారు. ఆ క్షణంలో వెనకసీట్లో నా పక్కన కూర్చున్న రమణి చెయ్యి అలవాటుగా తలుపు మీదికి వెళ్ళింది, దిగి ఎక్కడికో తప్పుకోవాలన్నట్టు. నేను ఆ చెయ్యి పట్టుకుని నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఇన్నాళ్ళకి ప్రయాణం తనదని ఆ పిల్లకి ఇంకా తెలిసిరాలేదు.

సూర్యలంకలో శేషు, మావారు అలల్లో ఆడారు. సెలవుల సరదా అంటే ఆ పూట వాళ్ళిద్దరిదే. నాకూ రమణికీ చూపంతా కారు మీదే. సముద్రం గాలికి సైకిలు ఇటూ అటూ ఊగుతోంది. చూస్తుండగానే ఒక తాడు టప్పున తెగింది. పున్నారావు పరుగెత్తి పట్టుకుని మళ్ళీ ముడేశాడు. నీళ్ళలో కాళ్ళు పెట్టకుండా ఇసకలో కూర్చున్న మామగారు అదంతా చూశారు. ఆయన ఏమీ అనకపోతేనే నాకు భయం.

"వదినా, రేపు నాన్నగారు వద్దంటారేమో" అంది రమణి మెల్లిగా.

"అంటే నేనున్నాగా."

"నువ్వు పోట్లాడితే ఆయనకి ఆయాసం వస్తుంది. వద్దులే" అంది. నాకు మనసు చివుక్కుమంది. ఈ పిల్ల తన బతుకు గురించి అడగడానికి కూడా తండ్రి ఆయాసం చూసుకుంటోంది.

శుక్రవారం పొద్దున్నే సత్రంలో కాఫీలు తాగి బయల్దేరితే హాయిగా మధ్యాహ్నానికి ముందే రేపల్లెలో ఉండేవాళ్ళం. మామగారు పంచాంగం విప్పారు. పొద్దున్న దుర్ముహూర్తం. అది దాటేసరికి రాహుకాలం దగ్గర పడింది. రాహుకాలం పోతే మళ్ళీ ఇంకో దుర్ముహూర్తం. రమణి ట్రంకు పెట్టె మీద కూర్చుని ఆర్డరు కాగితం మడత విప్పడం, మళ్ళీ మడవడం. మావారు సత్రం అరుగు మీద పచార్లు చేయడం. నేనైతే బయల్దేరదామా అని రెండుసార్లు అడిగాను, మూడోసారి అడగలేదు, సామాన్లు తీసుకెళ్ళి కార్లో పడేశాను. అన్నీ దాటి కారు కదిలేసరికి ఎండ పడమటికి తిరిగింది.

"కాస్త తొందరగా పోనివ్వు పున్నారావ్" అన్నారు మావారు.

"తొందరగా పోతే పైనున్నది ఆగదండి" అన్నాడు పున్నారావు.

ముందు నుయ్యి వెనక గొయ్యి. మెల్లిగా పోతే ఆఫీసు మూస్తారు, జోరుగా పోతే సైకిలు పడుతుంది. పున్నారావు జోరుగానూ పోలేదు, మెల్లిగానూ పోలేదు. కర్లపాలెం దాటాం. రోడ్డుకి రెండు వైపులా తుమ్మచెట్లు. ఎదురుగా లారీ వచ్చింది. దానికి దారివ్వడానికి పున్నారావు కారుని పక్కకి దింపాడు. పైన ఏదో ఫెళ్ళుమంది. కారు కప్పు మీద గీసుకుంటూ పోయిన చప్పుడు, ఆ వెంటనే వెనక రోడ్డు మీద ఇనుము పడ్డ మోత. శేషు కెవ్వుమంది.

దిగి చూస్తే సైకిలు పంటకాలవ గట్టున బోర్లా పడి ఉంది. తుమ్మకొమ్మ హ్యాండిలుకి తగులుకుని లాగేసింది. ముందు చక్రం అప్పడంలా వంకర తిరిగింది. బెల్లు దూరంగా పడింది. రమణి చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని గట్టు దిగి, సైకిలు పక్కన కూర్చుని, చక్రానికంటిన బురద చేత్తో తుడవడం మొదలుపెట్టింది.

మామగారు కర్ర పొడుచుకుంటూ వచ్చి చూశారు. ఆయన మొహం పాలిపోయింది.

"వెనక్కి తిప్పు పున్నారావ్. తెనాలి పోదాం" అన్నారు.

"నాన్నగారూ, ఇవాళ సాయంత్రం లోపల..." మావారు ఏదో అనబోయారు.

"ప్రస్థానం పెట్టిన వస్తువు దారిలో నేలపడిందిరా. ఇంతకంటే ఎవరొచ్చి చెప్పాలి నీకు? నిన్న తాడు తెగింది, ఊరుకున్నాను. ఇవాళ ఇది. మూడోది కూడా చూడమంటావా?"

"అది పడింది శకునం వల్ల కాదండి మామయ్యగారూ, నిలబెట్టి కట్టడం వల్ల. పున్నారావు ముందే చెప్పాడు" అన్నాను నేను.

"నువ్వు కారెక్కమ్మాయ్."

"ఎక్కను."

ఆయన నాతో వాదించలేదు. కొడుకు వంక చూశారు. కొడుకు నేల చూపులు చూశారు. ఆ నిమిషంలో మావారిని పట్టుకుని కుదిపేయాలనిపించింది. నలభై ఏళ్ళ మనిషి, ఊళ్ళో పిల్లలకి పాఠాలు చెప్పే మనిషి, తండ్రి ముందు నోరు పెగలదు. ఎండ ఇంకా కిందికి దిగుతోంది.

అప్పుడు రమణి లేచి నిలబడింది. "నాన్నగారూ, ప్రస్థానం పెట్టింది పని కాకుండా ఇంటి గడప తొక్కకూడదన్నారుగా మీరు" అంది.

"అన్నాను. అందుకే దాన్ని తీసుకెళ్ళొద్దు. ఇక్కడే ఎవరికైనా ఇచ్చేద్దాం."

"దాన్ని ఇక్కడ వదిలేస్తారు. నన్నెక్కడ వదులుతారు?"

"అవేం మాటలమ్మా? నీ మంచి కోసమేగా నేను చెప్పేది. చెడ్డ గడియలో వెళ్ళి ఊరుగాని ఊళ్ళో ఒక్కదానివీ... నీకేమన్నా అయితే..."

రమణి గొంతు పెంచలేదు. నాకిప్పటికీ ఆ గొంతు చెవుల్లో ఉంది.

"మంచి గడియలో ఒకసారి వెళ్ళి చూశాను నాన్నగారూ. ఒక్క దోషం కూడా లేని ముహూర్తంలో వెళ్ళాను. ఈసారి చెడ్డ గడియలోనే వెళ్ళనివ్వండి. ఏమన్నా అయితే అది మీ మీదికి రాదు."

అని, వంగి బెల్లు ఏరుకుని కొంగున కట్టుకుంది. సైకిలు ముందు భాగం చేత్తో ఎత్తి పట్టుకుని, వెనక చక్రం మీద దొర్లించుకుంటూ రోడ్డెక్కింది. రేపల్లె వైపు నడవడం మొదలుపెట్టింది. ఎండలో, చెప్పుల్లేకుండా. చెప్పులు కార్లోనే ఉండిపోయాయి.

మామగారు అక్కడే కల్వర్టు గోడ మీద కూలబడ్డారు. మావారు నాలుగడుగులు చెల్లెలి వెనక వేసి, మళ్ళీ తండ్రి దగ్గరికొచ్చి, మళ్ళీ అటు వెళ్ళారు. పున్నారావు బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. రమణి చెట్ల నీడల్లోంచి నడుచుకుంటూ చిన్నదైపోతోంది. ఇంక నావల్ల కాలేదు. మూడేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ అనని మాట అనేశాను.

"గౌరీశంకరం మీ ముహూర్తం వల్ల పోలేదండి. కామెర్లొచ్చి పోయాడు."

కొడతారేమో అనుకున్నాను. కొట్టినా పడేదాన్నే. ఆయన కండువాతో మొహం తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు.

"నాకు మాత్రం తెలీదూ?" అన్నారు. "పగలంతా తెలుసమ్మా. తెల్లారగట్ల మెలకువొస్తే మాత్రం తెలీదు. అప్పుడు ఎన్నిసార్లు లెక్క కట్టినా ఆ ముహూర్తంలో తప్పు కనపడదు. తప్పు కనపడితే బావుణ్ణు."

ఇంతకాలం ఆయన్ని నేను మొండివాడనుకున్నాను. మొండితనం కాదది, భయం. ఆ సంగతి తెలిసి నాకు జాలి వేసింది, కోపం మాత్రం పోలేదు. జాలిపడుతూ కూర్చుంటే ఆఫీసు మూసేస్తారు.

"అయితే లేవండి మామయ్యగారూ. పిల్ల ఎండలో నడుస్తోంది" అన్నాను.

ఆయన అటు చూశారు. రోడ్డు మలుపు దగ్గర రమణి ఆగి, చెయ్యి మార్చుకుంటోంది. ఆయన కర్ర ఊతంగా లేచారు. తిరిగి తెనాలి వైపు చూశారు.

"కారు తియ్యి పున్నారావ్. ఏంటలా చూస్తావ్? దానికి చెప్పులు కూడా లేవు" అన్నారు.

మలుపు దగ్గర అందుకున్నాం. మావారు దిగి సైకిలు అందుకున్నారు. రమణి ఇవ్వడానికి ముందు తండ్రి మొహం వంక చూసింది. ఆయన ఆమె వంక చూడలేకపోయారు. పున్నారావు సైకిలు పైకెత్తి, నిలబెట్టాలా వద్దా అని తటపటాయించాడు.

"పడుకోబెట్టే కట్టవోయ్" అన్నారు మామగారు కిటికీలోంచి.

అక్కడి నుంచి పున్నారావు కారుని పరిగెత్తించాడు. చందోలు దాటాక ఒక ఊళ్ళో గేదెల మంద రోడ్డుకడ్డం పడింది. హారన్ కొడితే వాటికి లెక్కా జమా? మావారు దిగి చేతులూపుతూ తోలారు. మామగారు కూడా కిటికీలోంచి కర్ర ఆడిస్తూ, "హెయ్, హెయ్" అని అరిచారు. ఇంకొకప్పుడైతే నేను పడీ పడీ నవ్వేదాన్ని. రమణి ఆర్డరు కాగితం రెండు చేతుల్తో పట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంది.

రేపల్లెలో ఆఫీసు ముందు కారు ఆగేసరికి వరండాలో కుర్చీలు లోపలికి మోస్తున్నారు. గుమస్తా బీరువాకి తాళం పెడుతున్నాడు. రమణి మెట్లెక్కలేదు, దూకింది. వెనకాల నేను, నా వెనక శేషు.

"రేపు రండమ్మా" అన్నాడాయన తలెత్తకుండానే.

"రేపొస్తే ఉద్యోగం ఉండదండి. ఇవాళే ఆఖరు" అంది రమణి.

ఆయన తలెత్తి, చెదిరిన జుట్టూ, చేతులకీ చీరకీ అంటిన బురదా చూశాడు. "ఏంటమ్మా, పొలంలోంచి వస్తున్నారా?" అని, బీరువా తలుపు మళ్ళీ తెరిచాడు. రమణి కాగితం మీద సంతకం పెడుతుంటే చేతి బురద అంచుకి అంటింది. పక్కన గోడకి ఆనుకుని నేను ఏడ్చేశాను. గుమస్తాగారు కంగారుపడి మంచినీళ్ళు తెప్పించాడు.

సైకిలుని మావారు బజార్లో రిపేరు షాపులో ఇచ్చొచ్చారు. అచ్చమ్మ పిన్ని ఇంట్లో కాళ్ళు కడుక్కుని, ఆవిడ పెట్టిన ఉప్మా తిన్నాం. రమణి మాత్రం తినీ తినకుండా లేచి, సైకిలు తెచ్చుకుంటానని వెళ్ళింది. పొద్దు వాలుతోంది. మళ్ళీ తెనాలి చేరాలి. మామగారు దారంతా పెద్దగా మాట్లాడలేదు, ఇక్కడికొచ్చాకా మాట్లాడలేదు. చేతిసంచీలో పంచాంగం ఉంది గాని బయటికి తియ్యలేదు. కోపంగా ఉన్నారో, బాధగా ఉన్నారో, లేక ఇంటికెళ్ళాక ఉత్తరం రాసి కూతుర్ని వెనక్కి రమ్మంటారో నాకు అంతుపట్టలేదు. ఆయన ఒప్పుకున్నట్టు నోటితో అనలేదు. అనకపోతే ఆ పిల్ల ఇక్కడ ఉండలేదని నాకు తెలుసు. ఏ జ్వరమొచ్చినా, ఏ వాన పడినా, చెడ్డ గడియలో వచ్చాననే అనుకుంటుంది.

అందరం కారెక్కాం. రమణి కోసం చూస్తున్నాం. బయల్దేరేవాళ్ళకి ఎదురు రాకూడదని అచ్చమ్మ పిన్ని అప్పటికే లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. ఆవిడా మొగుడు పోయిన మనిషే. తెనాలిలో విన్న చప్పుడే ఇక్కడా వినపడింది.

"రమణి ఏదిరా?" అన్నారు మామగారు.

"షాపు దగ్గర ఆలస్యమైందేమో. దారిలోనేగా, అక్కడ ఆగి చెప్పి పోదాం" అన్నారు మావారు. పున్నారావు కారు స్టార్ట్ చేశాడు.

అప్పుడే వీధి మలుపు తిరిగి సైకిలు వచ్చింది. దాని మీద రమణి. ముందు చక్రం ఇంకా కాస్త వంకర పోతూ ఉంది గాని, ఆమె నడుం నిటారుగా పెట్టి, కొంగు బిగించి దోపి, చులాగ్గా తొక్కుకుంటూ వస్తోంది. మామగారు కూతురు సైకిలు తొక్కగా ఎన్నడూ చూడలేదు. కరకట్ట మీద ఆమెని చూసినవాడు ఒక్కడే, ఆ ఒక్కడూ లేడు.

కదలబోతున్న కారుని చూసి రమణి గభాల్న బ్రేకు పట్టింది. కాళ్ళు కింద పెట్టింది. మొహంలో రంగు దిగిపోయింది. ఒక పక్క మురుక్కాలవ, ఇంకో పక్క గోడ. తప్పుకోవడానికి ఎక్కడా సందు లేదు. అయినా సైకిలుని వెనక్కి తిప్పుకోవాలని తంటాలు పడుతోంది. పున్నారావు ఎవరూ చెప్పకుండానే ఇంజను ఆపేశాడు.

"నాన్నగారూ, లోపలికెళ్ళి కాసిని మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని..." అని మావారు గొణిగారు. ఎదురు బాగా లేనప్పుడు మా ఇళ్ళల్లో చేసేది అదే. నా చెయ్యి డోరు మీదికి వెళ్ళింది. దిగి ఆ అన్నాచెల్లెళ్ళిద్దర్నీ చెడామడా తిట్టాలనుకున్నాను.

నాకంటే ముందు మామగారు కిటికీలోంచి తల బయటికి పెట్టారు.

"ఎందుకమ్మా ఆగిపోయావ్?"

"మీరు వెళ్ళండి నాన్నగారూ. నేను ఈ పక్కకి జరుగుతాను. ఒక్క నిమిషం."

"పక్కకి కాదు. ఎదురు రా."

రమణికి అర్థం కాలేదు. నాకూ అర్థం కాలేదు. ఆయన కిటికీలోంచి చెయ్యి ఊపి పిలిచారు.

"నిన్నే తల్లీ. ఎక్కు. తొక్కుకుంటూ ఎదురు రా."

రమణి పెడలు మీద కాలు పెట్టింది. ఒకసారి జారింది. మళ్ళీ పెట్టింది. వంకర చక్రంతో ఊగుతూ కారు వైపు నేరుగా వచ్చింది. దగ్గరికొచ్చాక అలవాటు కొద్దీ బెల్లు కొట్టింది. పంటకాలవ గట్టున పడ్డ బెల్లు సరిగ్గా మోగలేదు, కీచుమంది. కారు పక్కనుంచి వెళ్తున్నప్పుడు ఆయన కిటికీలోంచి చెయ్యి చాపి ఆమె భుజం తాకారు. మా వెనక అచ్చమ్మ పిన్ని తలుపు తీసి బయటికొచ్చింది.

పున్నారావు ఇంకా తాళం తిప్పలేదు. ఆయన వంకే చూస్తున్నాడు.

"ఇంకా దేనికోయ్ ఆలస్యం?" అన్నారు మామగారు. "మా అమ్మాయి ఎదురొచ్చింది. పోనివ్వు."